పిల్లలకు ఫోను పథ్యము – ఇంటిల్లిపాది నియమములు

వైద్యుని వద్దకు పిల్లలను తీసికొనివచ్చు తల్లులు ఇరువది ముప్పది ఏండ్ల క్రిందట చెప్పుకొను బాధలు వేరు. నులిపురుగులు, పడిసెము, గజ్జి, అజీర్ణము, వేసవిలో సెగగడ్డలు – ఇవియే ఎక్కువ. నేడు మా నరసాపురమున తల్లులు చెప్పు వరుస ఇట్లున్నది: "పన్నెండయినా నిద్ర పట్టదండీ. పొద్దున్న లేపితే ఒళ్ళు నొప్పులంటాడు. ఆవులింతలే ఆవులింతలు. తల బరువంటాడు, కళ్ళు మంటలంటాడు. చదివింది నిలవటం లేదు. జ్ఞాపకశక్తికి ఏదైనా లేహ్యం ఇప్పించండి."

అప్పుడు వైద్యుడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే. "రాత్రి పక్క మీద చేతిలో ఏముంటుందమ్మా?" తల్లి పిల్లవాని వంక చూచును. పిల్లవాడు నేల వంక చూచును. నిదానము అక్కడనే తేలిపోవును.

బ్రాహ్మీఘృతము, సారస్వతారిష్టము వంటి ఔషధములు మనకు కలవు. అవి మంచివే. కాని రోగకారణమును విడిపింపక మందు నిచ్చుట చిల్లి కుండలో నీరు పోయుటయే. నిదాన పరివర్జనము, అనగా కారణమును తొలగించుట, చికిత్సలో మొదటి మెట్టు అని సుశ్రుతుని మతము. కనుక ఈ పాఠమున మందులు తక్కువ, పథ్యము ఎక్కువ.

శాస్త్రము ప్రకారము దోషమెక్కడ?

సకల రోగములకు మూడు మూలకారణములను చరకుడు సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున చెప్పినాడు. ఇంద్రియములకు వాని విషయములతో తగని కలయిక మొదటిది. దీనిని అసాత్మ్యేంద్రియార్థ సంయోగమందురు. తెలిసియు తప్పు చేయుట రెండవది, ఇది ప్రజ్ఞాపరాధము. కాలము యొక్క వైపరీత్యము మూడవది; ఇది పరిణామము.

మొదటి దానిలో మరల మూడు భేదములు. కంటి విషయమున, మిక్కిలి కాంతి గల వస్తువులను మితిమీరి చూచుట అతియోగము. బొత్తిగ చూడకుండుట అయోగము. మిక్కిలి దగ్గరగా నున్నవి, మిక్కిలి దూరముగా నున్నవి, భయంకరములు, బీభత్సములు, వికృతములు అగు వానిని చూచుట మిథ్యాయోగము. ఇప్పుడు పిల్లవాడు దుప్పటి ముసుగులో జానెడు దూరమున ఫోను పట్టుకొని చూచు దృశ్యమును తలచుకొనుడు. వెలుగు అధికము, దూరము స్వల్పము, కనబడునది ఒక నిమిషము కొట్లాట, ఒక నిమిషము వికారపు నవ్వు, ఒక నిమిషము ఎవరో ప్రమాదమున పడిపోవుట. అతియోగ మిథ్యాయోగములు రెండును ఒకే వస్తువునందు ఇట్లు ఒక్కుమ్మడిగ చేరుట ప్రాచీనులకు అనుభవమునకు వచ్చియుండదు. అయినను వారు గీచిన గీటు ఇచ్చట చక్కగ సరిపోవుచున్నది. ఎదుటనున్న ఆరుబయలును, చెట్టును, నది ఆవలి ఒడ్డును చూడకుండుట అయోగమనియు చెప్పవచ్చును.

ప్రజ్ఞాపరాధమును గూర్చి తల్లిదండ్రులు కొంచెము సావధానముగ వినవలెను. ధీ, ధృతి, స్మృతి అను మూడును చెదరినపుడు మనుష్యుడు అహితము చేయును. ధీ యనగా మంచిచెడ్డలు తెలియుట, ధృతి యనగా మనస్సును నిలుపుకొనుట, స్మృతి యనగా పూర్వానుభవమును జ్ఞప్తియందుంచుకొనుట. పదమూడేండ్ల పిల్లవానికి ధీ కొరత లేదు. చాలింపవలెనని వానికి తెలియును. కొరత ధృతియందు. ఆ వయస్సున ధృతి ఇంకను కట్టుబడుచుండును. ఇచ్చట పిల్లవానినే నిందించుట న్యాయము కాదు. పుస్తకమునకు చివరి పుట కలదు. మన పాత సినిమాకు 'శుభం' అను అట్ట కలదు. రీల్స్‌కు మాత్రము శుభం లేదు; ఒకటి ముగియకముందే మరియొకటి వచ్చి నిలుచును. ముగింపు లేకుండ దానిని చేసినవారు పెద్ద చదువులు చదివిన పెద్దలు. వారి యుక్తికి ఎదురుగా ఏడవ తరగతి పిల్లవాని ధృతిని నిలబెట్టి "నీకు బుద్ధి లేదా" యని గద్దించుట వలన ప్రయోజన మేమి?

నిద్రను ఆపుట

మలమూత్రములు, తుమ్ము, ఆకలి, దప్పి మొదలగు పదుమూడు వేగములను ఆపరాదని చరకుడు చెప్పినాడు. అందు నిద్రయు నొకటి. వచ్చుచున్న నిద్రను బలవంతముగ ఆపినవానికి ఆవులింతలు, ఒడలి నొప్పులు, మత్తు, శిరోరోగము, కన్నులు బరువెక్కుట కలుగునని చెప్పబడినది. మీదట నేను వ్రాసిన తల్లి మాటలను మరల నొకసారి చదువుడు. రెండు పట్టికలకు భేదము లేదు. దీనికి చెప్పబడిన చికిత్సయు సులభము: నిద్రపోవుట, ఒడలు మెల్లగ ఒత్తుట. అంతే.

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును శరీరమునకు ఉపస్తంభములు. ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు 9 నుండి 12 గంటలు, పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర కావలెనని నేటి నిద్రా వైద్యులు నిర్ణయించినారు. ఉదయము ఐదున్నరకు ట్యూషనుకు లేవవలసిన పదవ తరగతి పిల్ల రాత్రి తొమ్మిదిన్నరకు పండుకొన్నచో ఎనిమిది గంటలు చేరును. పన్నెండు వరకు ఫోను చూచినచో ఐదున్నర గంటలే మిగులును. రాత్రి జాగరణము రూక్షము, వాతమును పెంచును. లోటు తీర్చుకొనుటకు పగలు నిద్రించినచో కఫపిత్తములు పెరుగును. రాత్రివేళ కంటబడు వెలుగు, ముఖ్యముగ నీలికాంతి, నిద్రను తెచ్చు మెలటోనిన్ అను స్రావమును తగ్గించునని ఆధునిక శాస్త్రమును చెప్పుచున్నది. కావున నియమములలో మొట్టమొదటిది చదువునకు సంబంధించినది కాదు, నిద్రకు సంబంధించినది: పండుకొనుటకు ఒక గంట ముందుగా ఫోను కట్టిపెట్టవలెను, పండుకొను గదిలో అది ఉండరాదు.

"అలారం కోసం పెట్టుకుంటున్నాడండీ" అని తల్లులు చెప్పుదురు. గడియారము కొనుడు. దాని ఖరీదు ఎంత?

అన్నము వేళ

మనస్సు లగ్నము చేసి, మాటలాడక, నవ్వక భుజింపవలెనని విమానస్థానమున చెప్పబడినది. మనస్సు వేరొకచోట నున్నపుడు ఎంత తిన్నదియు తెలియదు, రుచియు తెలియదు. కొందరు పిల్లలు అవసరమునకు మించి తిందురు, కొందరు బుగ్గన పెట్టుకొని మ్రింగుటయే మరతురు.

రెండేండ్ల బిడ్డకు ఫోను చూపించి ముద్ద పెట్టుట మన ఇండ్లలో అలవాటైపోయినది. పూర్వము చందమామను చూపించి పెట్టెడివారు గదా, రెంటికిని భేదమేమని ఒక కోడలు నన్నడిగినది. మంచి ప్రశ్న. చందమామ దూరమున నుండును, కదలక నుండును, చూపించు తల్లి మాటలాడుచుండును, బిడ్డ తల్లి ముఖమును చూచుచుండును. ఫోను మాటలాడునపుడు తల్లి మాటలాడదు. మాటలు నేర్చుకొను వయస్సున ఈ నష్టము చిన్నది కాదు. అట్లని ఏడ్చు బిడ్డను బూచివాని పేరు చెప్పి భయపెట్టి తినిపించుటయు తగదు. బిడ్డ ఏడ్చినను, తినకున్నను, రాక్షస పిశాచాదుల పేర్లు చెప్పి బెదరింపరాదని చరకుడు శారీరస్థానమున స్పష్టముగ నిషేధించినాడు. అచ్చటనే ఆటవస్తువుల లక్షణములను చెప్పినాడు: రంగురంగులవి, చప్పుడు చేయునవి, చూడముచ్చటయైనవి, బరువు లేనివి, మొన వాడిగా లేనివి, నోట పట్టనివి, ప్రాణహాని చేయనివి, భయము కలిగింపనివి కావలెను. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, తాటాకు బుట్టలు ఈ లక్షణములకు చాల వరకు సరిపోవును. చిన్నవి నోట పెట్టుకొను వయస్సు దాటువరకు పెద్ద బొమ్మలే ఇయ్యవలెను.

ఏ వయస్సున ఎంత?

సుశ్రుతుడు బాల్యమును మూడుగా విభజించినాడు. ఏడాది వరకు పాలు మాత్రము త్రాగు క్షీరపుడు, రెండేండ్ల వరకు పాలును అన్నమును తీసికొను క్షీరాన్నాదుడు, తరువాత పదునారేండ్ల వరకు అన్నాదుడు. చిత్రమేమన, నేటి వైద్యులు పెట్టిన హద్దులలో మొదటిది కూడ రెండేండ్ల కడనే పడుచున్నది. రెండేండ్ల లోపు పిల్లలకు ఏ విధమైన తెరయు చూపరాదని, రెండు నిండినది మొదలు ఐదేండ్ల లోపు వారికి పెద్దల ఎదుట దినమునకు ఒక గంటకు మించరాదని, ఐదు నుండి పదేండ్ల వారికి రెండు గంటల లోపుననే ఉంచవలెనని భారతీయ శిశువైద్య సంఘము సూచించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిలులో ఐదేండ్ల లోపు వారికి చెప్పినదియు దాదాపు ఇదియే. టెలివిజను కూడ ఈ లెక్కలోనిదే. నాయనమ్మ సీరియలు చూచుచుండగా ఒడిలో కూర్చున్న మనుమనికి ఆ అరగంట లెక్కకు రాదని ఎవరును అనుకొనరాదు.

మా ప్రాంతమున దీనికొక మినహాయింపు తప్పదు. నరసాపురము, పాలకొల్లు, కోనసీమ ఊళ్ళనుండి కువైటు, దుబాయి, మస్కటులకు పనికి పోయిన తల్లులు, తండ్రులు ఎందరో కలరు. బిడ్డలు అమ్మమ్మల వద్ద పెరుగుచున్నారు. ఆ బిడ్డకు తల్లి ముఖము కనబడునది ఫోనులోనే. దానిని తెర సమయముగ లెక్కింపరాదు. ఎదురుగా మాటలాడు మనిషి, పేరు పెట్టి పిలుచు గొంతు అందు కలదు. కాని మాట ముగిసిన పిదప ఫోను బిడ్డ చేతిలోనే ఉండిపోవును. అమ్మమ్మకు దానిని తీసికొను ధైర్యముండదు, "తల్లి దగ్గర లేని పిల్ల" యను జాలి అడ్డువచ్చును. ఇట్టి ఇండ్లలో నియమమును విదేశముననున్న తల్లియే చెప్పవలెను. "అమ్మమ్మకి ఫోనిచ్చేయమ్మా, రేపు ఇదే వేళకు చేస్తాను" అని చెప్పి పెట్టివేసినచో అమ్మమ్మకు తగవు తప్పును.

పాదాంశిక క్రమము – నియమము పెట్టు విధానము

ఈ పాఠములో ముఖ్యభాగమిది. అలవాటైన అహితమును ఎట్లు మాన్పించవలెను? ఒక్కసారిగ మాన్పింపరాదు. అలవాటు పడినది చెడ్డదే యైనను శరీరమునకు సాత్మ్యమైపోవును; దానిని హఠాత్తుగ విడిచినను, మంచిదే యైన కొత్తదానిని హఠాత్తుగ మొదలిడినను వికారము కలుగునని వాగ్భటుడు హెచ్చరించినాడు. నాలుగవ వంతు చొప్పున గాని, ఆ నాలుగవ వంతులో నాలుగవ వంతు చొప్పున గాని విడువవలెను. విడిచిన వంతు స్థానమున అంతే హితమును చేర్చవలెను. మధ్య మధ్య ఒకటి, రెండు, మూడు దినముల ఎడము నీయవలెను. ఇట్లు క్రమముగ తొలగిన దోషములు మరల రావనియు, క్రమముగ చేరిన గుణములు కదలవనియు చరకుని మాట.

రెండు సంవత్సరముల క్రిందట పదమూడేండ్ల బాలుని ఒకనిని తండ్రి నా వద్దకు తీసికొనివచ్చినాడు. పాఠశాల నుండి వచ్చిన తరువాత దినమునకు నాలుగు గంటలు ఫోను. తండ్రి ఒకనాడు కోపమున దానిని లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసినాడు. పిల్లవాడు రెండు దినములు అన్నము ముట్టలేదు, తల్లిపై చేయి విసరినాడు. మూడవ దినమున తండ్రి బెదరి ఫోను తిరిగి యిచ్చినాడు. అంతటితో ఆగక, సముదాయించుటకు ఇంకను మంచి ఫోను కొని యిచ్చినాడు! పిల్లవాడు నేర్చుకొన్న పాఠమేమి? రెండు పూటలు పస్తున్నచో ఫోను పెద్దదగునని.

వానికి పాదాంశిక క్రమమును ఏర్పాటు చేసితిని. శాస్త్రమున దినములుగ చెప్పిన ఎడమును పిల్లల విషయమున నేను వారములుగ సాగదీయుచుందును. ఇది నా అనుభవమును బట్టి చేసిన మార్పు. నాలుగు గంటలలో మొదటి గంట తగ్గించి ఒక వారము నిలిపితిమి. ఏ గంట తగ్గించవలెననునది ముఖ్యము: పడక మీది గంటయే మొదట పోవలెను. రెండవ గంట తగ్గించి రెండు వారములు. ఇది అన్నము వేళది, బడినుండి రాగానే చూచునదియు. మూడవ గంట తగ్గించి మూడు వారములు. ఆరు వారములకు సాయంకాలము ఒక్క గంట మిగిలినది. దానిని తీసివేయలేదు. తీసివేయవలసిన పనియు లేదు.

కాని తండ్రికి కష్టమైనది తగ్గించుట కాదు, చేర్చుట. ఫోను తీసికొన్న గంటలో పిల్లవాడు ఏమి చేయవలెను? "చదువుకోరా" యని చెప్పుట చేర్చుట కాదు, శిక్షించుట. తీసిన దానికి రుచిలో దగ్గరగా నుండునది ఈయవలెను. ఆ బాలుడు ఫోనులో క్రికెట్టు ఆడుచుండెడివాడు, కనుక బ్యాటు. తండ్రి దుకాణము అరగంట ముందుగ కట్టి కొడుకుతో వలంధర రేవు వరకు సైకిలు మీద పోవుట మొదలు పెట్టినాడు. మొదటి వారము వాడు మూతి ముడుచుకొనియే పోయినాడట. మూడవ వారమునకు పంటు మీద సఖినేటిపల్లి వైపు పోయివత్తమని తానే అడిగినాడు. వేరొక ఇంట ఆడపిల్ల అల్లికల వీడియోలు గంటల తరబడి చూచుచుండెడిది. ఇంటిలో అమ్మమ్మ లేసు అల్లును! నరసాపురము లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇంటిలోని ఆ విద్యను మనుమరాలు తెరమీద చూచుచున్నది. సూది చేతికిచ్చితిమి. అల్లికయు దగ్గరి చూపుతో చేయు పనియే గావున పగటి వెలుగున, అరగంటకు మించకుండ అని మాత్రము చెప్పితిని.

వామనగుంటలు, అష్టాచెమ్మా, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ మొదలగునవి పిల్లలకు రావని వాపోవువారు తాము కూర్చుండి ఆడి చూపవలెను.

క్రమము వర్తింపని చోట్లు కలవు. అహితమును క్రమముగ విడువవచ్చును గాని విషమును నాలుగవ వంతు చొప్పున విడువము, వెంటనే ఉమియుదుము. డబ్బు పెట్టి ఆడు ఆటలు, అశ్లీల దృశ్యములు, ముఖము తెలియని వారితో రహస్య సంభాషణలు విషము క్రింద లెక్క. డబ్బు పందెముల ఆటలను 2025 ఆగస్టున కేంద్ర ప్రభుత్వము చట్టముచే నిషేధించినది. ఎవరైన ఫోటో చూపి బెదరించుచున్నారని పిల్ల చెప్పినచో ముందుగ తిట్టరాదు. తిట్టుదురను భయముననే పిల్లలు నెలల తరబడి దాచుదురు. 1930కి గాని, పిల్లల సహాయ సంఖ్య 1098కి గాని వెంటనే ఫోను చేయవలెను. ఆ సందేశములను చెరిపివేయక సాక్ష్యముగ ఉంచవలెను.

పెద్దల పథ్యము

ఇతర రోగములలో పథ్యము రోగికి మాత్రమే. ఇచ్చట ఇంటిల్లిపాదికి. తండ్రి భోజనమున ఎడమచేత ఫోను పట్టుకొని కుడిచేత అన్నము కలుపుచు "నువ్వు పెట్టేయరా" యనినచో ఆ మాటకు బలమేమి? ఈ కారణముననే నియమమును పిల్లల నియమమని పిలువక ఇంటి నియమమని పిలువవలెను. నా వద్దకు వచ్చు కుటుంబములకు నేను చెప్పునవి నాలుగే. రాత్రి తొమ్మిది గంటలకు ఇంటిలోని ఫోనులన్నియు హాలులో ఒక గూటిలో పండుకొనును. దుకాణము వారికి, ఉద్యోగములవారికి పిలుపు వచ్చినచో అచ్చటికి పోయి మాటలాడవచ్చును. భోజనమున ఎవరి చేతను ఫోను ఉండరాదు. ఒకరు కాదన్నదానిని ఇంకొకరు చాటుగ ఈయరాదు. తాతగార్లు దీనిని ప్రత్యేకముగ గమనింపవలెను. మానుట, తగ్గించుట అనునవి బహుమానముగ గాని శిక్షగ గాని వాడరాదు. "మార్కులొస్తే ఫోను" అనినచో ఫోను స్వర్గమై కూర్చుండును.

ఇంతకు మించి నియమములు పెట్టినచో ఏదియు నిలువదు.

బడివారు హోమ్‌వర్కును వాట్సాప్‌లో పంపుచున్నారు, ఏమి చేయవలెనని అడుగువారు పెక్కురు. కరోనా కాలమున 2020లో బడులు మూసినపుడు పాఠములు ఫోనులోనికి వచ్చినవి. బడులు తెరచినను అలవాటు పూర్తిగ పోలేదు. 2022 డిసెంబరున మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలోని 8వ తరగతి వారికి ట్యాబులే పంచిరి. చదువు కొరకు తెర తప్పదు. కాని హోమ్‌వర్కు తండ్రి ఫోనుకు వచ్చునట్లు చేసి, పది నిమిషములలో కాగితముపై వ్రాసికొని, పని కాగితమును చూచి చేయవచ్చును. ఆ పది నిమిషములే గంటన్నర కాకుండ కాపాడునది కాగితము.

ఒక్క ఇంటివారికి కష్టమైనది వీధివారందరికి సులభమగును. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ గ్రామమున 2022 నుండి సాయంకాలము ఏడు గంటలకు సైరను మ్రోగించి గంటన్నర సేపు ఫోనులు, టీవీలు కట్టివేయు పద్ధతిని గ్రామస్థులే ఏర్పరచుకొన్నారు. "అందరికీ ఉంది, నాకే లేదు" అను పిల్లల వాదమునకు అచ్చట చోటు లేదు. మన అపార్టుమెంట్లలో నాలుగు కుటుంబములవారు కలిసి ఇట్లు చేసికొనవచ్చును.

సొంత ఖాతా ఎప్పుడు?

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మొదలగువాని యజమానులు తాము పెట్టుకొన్న హద్దు 13 ఏండ్లు. ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టము చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్ల లోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండ చేసినది. మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్ల లోపు వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, క్రమముగ అమలునకు వచ్చునట్లు ఏర్పరచినారు. ఆస్ట్రేలియా పద్ధతిని పరిశీలించుచున్నామని 2026 జనవరిలో మన రాష్ట్ర మంత్రియు ప్రకటించినారు. నా అభిప్రాయమడిగినచో, పదవ తరగతి పరీక్షలు ముగియువరకు సొంత ఖాతా అనవసరము. పుట్టిన సంవత్సరమును తప్పుగ వ్రాసి తండ్రియే ఖాతా తెరచి యిచ్చుట నేను చూచియున్నాను. పిల్లవానికి మొదటి అబద్ధమును ఇంటిలోనే నేర్పినట్లగును.

అయినను పిల్లలందరి సత్త్వము ఒక్కటి కాదు. ప్రవరము, మధ్యమము, అవరము అని మనోబలము మూడు విధములు. ఎవరో తన ఫోటోను మెచ్చుకొనలేదని ఒక పిల్ల రాత్రియంతయు కుములును. ఆమె అక్క అదే విషయమును నవ్వి మరచును. ఇద్దరికి ఒకే వయస్సున ఒకే స్వేచ్ఛ ఈయనక్కరలేదు. ఖాతా ఇచ్చిన తరువాత రహస్యముగ వెదకుట కంటె, తాళపు సంకేతము తల్లిదండ్రులకు తెలిసియుండునని ముందే చెప్పి ఈయవలెను. తల్లులకును ఒక మాట: పిల్లల ఫోటోలను, మార్కుల పట్టీలను వారినడుగక స్టేటస్‌లో పెట్టవద్దు.

కంటికి, నిద్రకు గృహోపచారములు

రాత్రి పండుకొను ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె రాచి ఐదు నిమిషములు మర్దింపవలెను. పాదాభ్యంగము నిద్రకును దృష్టికిని హితమని శాస్త్రవచనము. ఫోను గూటిలో పెట్టిన పిదప తల్లి గాని తండ్రి గాని ఇది చేయుచు బడి కబుర్లు అడుగవలెను. నూనె చేయు మేలు కొంత, కబుర్లు చేయు మేలు కొంత. మునగాకు, పొన్నగంటికూర, కరివేపాకు, ఉసిరి, ఆవునెయ్యి ఆహారమున వారమునకు పలుమార్లు చేర్చవలెను.

చదువునపుడు గాని తెర చూచునపుడు గాని ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరమునకు ఇరువది క్షణములు చూడవలెను, రెప్పలు కావలెనని ఆర్పవలెను. తెర చూచునపుడు రెప్పపాటు తగ్గి కన్ను ఎండుటయే మంటకు ముఖ్య కారణము. ఆరుబయట పగటి వెలుగు అన్నింటికంటె మేలు. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరమున 12 పాఠశాలలలో మొదటి తరగతి పిల్లలపై మూడేండ్లు పరిశీలన చేసి 2015లో ప్రకటించినారు: బడిలో దినమునకు 40 నిమిషములు అదనముగ ఆరుబయట గడపిన పిల్లలలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి వచ్చినది, గడపనివారిలో సుమారు 40 మందికి వచ్చినది.

తేనె, ఉల్లిరసము, ఆముదము వంటివి ఇంటిలో కంట వేయరాదు. బజారు కాటుకలలో కొన్నిట సీసము ఉండును, పిల్లలకు వలదు. నల్లబల్ల మీది అక్షరములు కనబడకున్నను, మెల్లకన్ను పడినను కంటి వైద్యునిచే పరీక్ష చేయించి కళ్ళజోడు పెట్టించవలెను. కళ్ళజోడు పెట్టిన కన్ను ఇంకను చెడునను మాట అబద్ధము.

ఆరు వారములు క్రమము పాటించినను పిల్లవాడు నిద్రాహారములు మాని ఒంటరిగ కూర్చుండినను, బడికి పోనని భీష్మించినను, చచ్చిపోదునను మాట ఒక్కసారి యైన అనినను, దానిని బెదరింపుగ కొట్టివేయక మానసిక వైద్యునికి చూపవలెను. టెలిమానస్ 14416 సంఖ్యకు రాత్రింబవళ్ళు ఉచితముగ ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడుదురు. ఆట వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల పట్టికలో చేర్చి, 2022 జనవరి నుండి అమలు చేసినది. కనుక ఇది సిగ్గుపడి దాచవలసిన విషయము కాదు.

సెలవులలో ఏమి చేయవలెనని అందరు నడుగుదురు. సంక్రాంతికి, దసరాకు బంధువుల పిల్లలు వచ్చినపుడు నియమము కొంత సడలును. దానికి కంగారు వలదు, రాత్రి గూటి నియమమొక్కటి నిలిపిన చాలును. వేసవి సెలవులలో గంటను గంటన్నర చేయవచ్చును. జూను రెండవ వారమున బడులు తెరచునని తెలిసినదే గదా. పది దినములు ముందుగ, జూను ఆరంభముననే, పావుగంట చొప్పున తగ్గించుకొని వచ్చినచో బడి తెరచిన నాటికి పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకు తనంత తానే ఆవులించును.